కుందేళ్లు, గినీ పిగ్స్, ఒక చించిల్లా: ఇంట్లో రెస్క్యూ నడపాలనుకునేవాళ్లకు

మల్కాజిగిరిలో మా ఇంటి వెనక గది ఏడేళ్లుగా కుందేళ్లది, గినీ పిగ్స్‌ది, అప్పుడప్పుడు హామ్‌స్టర్లది. పోయినేడు ఒక చించిల్లా (ఎలుక జాతికి చెందిన, దట్టమైన బొచ్చున్న ప్రాణి) కూడా వచ్చింది. పిల్లల పుట్టినరోజుకి కొని, మూడు నెలలు తిరిగేసరికి వాసన వస్తోందనో, ట్రాన్స్‌ఫర్ అయిందనో తెచ్చి అప్పజెప్పేవే ఎక్కువ. మీరూ ఇలాంటిది మొదలుపెడదామనుకుంటే ముందు వంటింట్లో వాడే డిజిటల్ తూకం కొనండి. పంజరాల సంగతి తర్వాత.

ఎందుకంటే ఈ ప్రాణులు జబ్బు దాచుకుంటాయి. అడవిలో వీటిని పట్టి తినేవి ఎక్కువ, నీరసం బయటపడితే ప్రాణం పోయినట్టే. రోజూ పొద్దున ఆరింటికి, మేత వేయకముందే, వెదురు బుట్టలో టవల్ పరిచి ఒక్కొక్కదాన్నీ కూర్చోబెట్టి గ్రాములు నోట్‌బుక్‌లో రాస్తాను. మున్ని అనే గినీ పిగ్ చలాకీగానే తిరుగుతోంది, నన్ను చూడగానే ఈల వేసినట్టు అరుస్తోంది. తూకం మాత్రం నాలుగు రోజుల్లో 910 నుంచి 850కి దిగింది. పక్కన కూర్చుని చూస్తే, గడ్డిపోచ నోట్లో పెట్టుకుని రెండుసార్లు నమిలి వదిలేస్తోంది. డాక్టర్ నోరు తెరిచి చూస్తే దవడ పళ్లు రెండు వైపుల నుంచీ పెరిగి నాలుక మీద వంతెనలా కలుస్తున్నాయి. వాటి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పళ్లు అరగదీయించి, సిరంజితో మేత పెడుతూ వస్తే పది రోజులకి మళ్లీ 900 దాటింది.

తూకం అయ్యాక పెంటికలు చూడాలి. కుందేలు పెంటికలు బఠానీ గింజల్లా గుండ్రంగా, పొడిగా, ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. అవి చిన్నవైపోయినా, వెంట్రుకలతో దండలా గుచ్చుకున్నట్టు వచ్చినా పేగులు మందగిస్తున్నాయని అర్థం. పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అర్ధరాత్రయినా సరే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. రేపు చూద్దాంలే అనుకుంటే రేపటికి ఉండదు.

అందుకే మొదటి కుందేలుని తీసుకోకముందే, కుందేళ్లు తెలిసిన డాక్టర్‌ని వెతికిపెట్టుకోండి. వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: ఆపరేషన్‌కి ముందు రాత్రంతా పస్తు ఉంచాలా? ఇన్‌ఫెక్షన్‌కి అమాక్సిసిలిన్ సిరప్ నోట్లో పోయొచ్చా? రెండింటికీ "వద్దు" అనాలి. కుందేలుకి వాంతి రాదు, పస్తు పెడితే పేగులే ఆగిపోతాయి. ఆ సిరప్ అయితే పేగుల్లోని మంచి బాక్టీరియాని చంపేస్తుంది. గినీ పిగ్స్‌కీ చించిల్లాలకీ అంతే. మొదటి ఏడాది ఒక కుందేలుకి ఒక క్లినిక్‌లో కుక్కలకిచ్చే ఆ సిరప్పే రాసిచ్చారు, నేను తెలియక రెండు రోజులు పోశాను. విరేచనాలు పట్టుకుని మూడో రోజు నా ఒళ్లోనే పోయింది. దాని పేరు చిట్టి. అప్పటి నుంచి మందు పేరు అడిగి రాసుకోకుండా ఏదీ ఇవ్వను. కుక్కల గోమార్లకి వాడే ఫిప్రోనిల్ కూడా కుందేళ్లకి విషమే.

కొత్తగా వచ్చినదాన్ని రెండు వారాలు వేరే గదిలో పెట్టండి. మేత, శుభ్రం అన్నీ పాతవాటికి చేశాక చివర్న దానికి. గజ్జి, చెవిలో పురుగులు, తుమ్ములు ఏవున్నా దాదాపు అప్పటికి బయటపడతాయి. ఇక ఆడా మగా అన్నది ఎవరి మాటా నమ్మకుండా మీరే చూసుకోవాలి, తెలియకపోతే డాక్టర్‌తో చూపించుకోవాలి. "రెండూ ఆడవే అక్కా" అని ఒకతను ఇచ్చి వెళ్లిన జంటకి మూడు వారాలకే ఆరు పిల్లలు! కుందేలు కడుపుతో ఉండేది 31 రోజులే, ఈనిన రోజే మళ్లీ కడుపు నిలవగలదు. ఆ తల్లి పిల్లల దగ్గరికే పోవట్లేదని మొదట నేను హడలిపోయాను. అది రోజుకి ఒకటి రెండుసార్లే, అదీ తెల్లవారుజామునో రాత్రో పాలిస్తుందట. పొద్దున పిల్లల పొట్టలు బిగుతుగా, గుండ్రంగా ఉంటే పాలు తాగినట్టే, ముట్టుకోనక్కర్లేదు. గినీ పిగ్స్‌లో మగపిల్లల్ని మూడు వారాలకే వేరు చేయాలి. హామ్‌స్టర్లలో సిరియన్ జాతిదైతే మాత్రం ఎప్పుడూ ఒంటరిగానే ఉంచాలి.

మేత అంటే ఎండు గడ్డే, కారట్లు కావు. దిగుమతి చేసే టిమోతి గడ్డి ఖరీదెక్కువ. మా అత్తమ్మ గరిక కోసుకొచ్చి డాబా మీద నీడలో ఆరబెడుతుంది. కోసేటప్పుడు వయ్యారిభామ, గన్నేరు ఆకు కలవకుండా చూసుకోండి. లూసర్న్ గడ్డిలో కాల్షియం ఎక్కువ, పెద్దవాటికి రోజూ పెడితే మూత్రంలో రాళ్లు రావచ్చు. గినీ పిగ్ ఒంట్లో విటమిన్ సి తయారవదు, మనలాగే. కొత్తిమీర, క్యాప్సికం, చిన్న జామకాయ ముక్క రోజూ పడాలి.

ఎండాకాలమే నాకు అసలు టెన్షన్. మాది పై అంతస్తు, ఏప్రిల్లో గది 35 డిగ్రీలు దాటుతుంది. కుందేలుకి 28 దాటితేనే కష్టం. కిటికీలకి వట్టివేరు తడికలు, పడుకోవడానికి షాబాద్ బండ ముక్కలు, బట్ట చుట్టిన ఐస్ బాటిళ్లు పెడతాం. ఎండదెబ్బ తగిలినదాన్ని చల్లటి నీళ్లలో ముంచకండి, నోట్లో నీళ్లు పోయకండి. మామూలు నీళ్లతో చెవులు తడిపి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. చించిల్లా దారి వేరు. ఆండీస్ కొండల చలికి పుట్టిన ప్రాణి, ఒక్కో కుదురులో 50కి పైగా వెంట్రుకలు. 25 డిగ్రీలు దాటితే దానికి ప్రమాదం. కూలర్ తేమ పనికిరాదు, ఏసీ ఉండాల్సిందే. ఒళ్లు తడపకూడదు, మెత్తటి దుమ్ములో దొర్లి తనే శుభ్రం చేసుకుంటుంది, మామూలు ఇసుక అందుకు పనికిరాదు. ఏప్రిల్, మే నెలల కరెంటు బిల్లు సగం దానిదే. రోజంతా ఏసీ నడవని ఇంటికి దాన్ని ఇవ్వను.

రామచిలుకనో, నక్షత్ర తాబేలునో, పొలంలో దొరికిన చెవులపిల్లి పిల్లనో ఎవరైనా తెస్తే తీసుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోకూడదు, అటవీ శాఖకి ఫోన్ చేయించండి.

నా దగ్గర పంజరాలు ఆరు. ఏడోది కొననని మొదట్లోనే నిర్ణయించుకున్నాను. ఫోన్‌లో "వద్దు" అన్న ప్రతిసారీ ఆ రాత్రి నిద్ర పట్టదు, అయినా ఏడోది వస్తే అన్నిటినీ తూచడానికి నాకు పొద్దు చాలదు. ఖాళీ అయ్యేదాకా వాళ్ల ఇంట్లోనే ఎలా చూసుకోవాలో ఫోన్‌లోనే చెబుతాను.

దత్తతకి ఇచ్చేముందు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిపోవాలి, నేను ఇల్లు చూడాలి, అడుగున వైరు జాలీ ఉన్న పంజరం ఉండకూడదు, ఎందుకంటే కాళ్ల అడుగున పుళ్లు పడతాయి. కుదరకపోతే నాకే తిరిగి ఇస్తామని రాయించుకుంటాను. పంపేటప్పుడు వారానికి సరిపడా మా గరిక, ఉతకని పాత టవల్, తూకం రాసిన నోట్‌బుక్ పేజీ ఫొటో ఇస్తాను. కొత్త ఇంట్లో మొదటి రాత్రి ఆ టవల్‌లోనే ముఖం దూర్చి పడుకుంటుంది. పొద్దున్నే తూచి పంపమంటాను, ఆ మెసేజ్ వచ్చేదాకా నేను కాఫీ తాగను.