టైమింగ్ బెల్ట్ టెన్షనర్ పాడైందో లేదో ఎలా కనిపెట్టాలి?

"బెల్టు మొన్ననే మార్పించానండి, మళ్లీ ఇలా అయిందేటి?" శ్రీకాకుళం, విజయనగరం షెడ్లలో ఈ మాట వింటూనే ఉంటాం. ఇలాంటి బండి విప్పి చూస్తే చాలాసార్లు బెల్టు కొత్తదే ఉంటుంది, దాన్ని బిగువుగా పట్టి ఉంచాల్సిన టెన్షనర్ మాత్రం పాతదే. నాలుగు డబ్బులు మిగులుతాయని దాన్ని వదిలేస్తే చివరికి ఇంజన్ హెడ్ దించాల్సి వస్తుంది.

కింద పిస్టన్ల బలంతో తిరిగే క్రాంకు, పైన వాల్వులను తెరిచే క్యామ్ ఒకే లెక్కలో తిరిగేలా చూసేది టైమింగ్ బెల్టు. ఆ బెల్టు మీద ఒక పుల్లీని నొక్కి ఉంచి, వదులు కాకుండా చూసేది టెన్షనర్. అది పట్టు తప్పితే బెల్టు ఒక పన్ను జారుతుంది, లేదా తెగిపోతుంది. వాల్వులు తెరుచుకోకూడని సమయంలో తెరుచుకుని ఉంటాయి, పైకి వచ్చే పిస్టన్లు వాటిని గుద్ది వంచేస్తాయి. కార్లలోని డీజిల్ ఇంజన్లు దాదాపు అన్నీ ఇలా దెబ్బతినేవే. పెట్రోల్ ఇంజన్లలోనూ చాలావాటికి ఈ ప్రమాదం ఉంది.

మీ బండికి బెల్టు ఉందా, చైన్ ఉందా?

ముందు ఇది తేల్చుకోండి. ఇండికా డీజిల్, పాత ఇన్నోవా, డస్టర్ డీజిల్, పాత శాంత్రో, మారుతి 800 లాంటివి బెల్టు బండ్లు. స్విఫ్ట్ డీజిల్, ఆల్టో కె10 వంటివి చైన్‌తో నడుస్తాయి. వాటి టెన్షనర్ వేరు, పరీక్షించే పద్ధతీ వేరు. ఇక్కడ చెప్పేదంతా బెల్టు బండ్ల గురించే.

మాన్యువల్‌లో బెల్టు మార్చడానికి కిలోమీటర్ల లెక్కతో పాటు సంవత్సరాల లెక్క కూడా ఉంటే, ఏది ముందు వస్తే అదే గడువు. వలస వెళ్లిన పిల్లలు సంక్రాంతికి వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే కార్లు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. మీటరులో కిలోమీటర్లు తక్కువే కనిపిస్తాయి కానీ లోపల రబ్బరు ముదిరిపోతుంది, బేరింగులో గ్రీజు ఎండిపోతుంది. పాత డీజిల్ ఇన్నోవాలో గడువుకు టీ-బెల్ట్ దీపం వెలుగుతుంది. అది తిరిగిన దూరాన్ని బట్టి వెలిగేదే, టెన్షనర్ ఎలా ఉందో దానికి తెలియదు. దీపం రాలేదు కదా అని ధీమాగా ఉండొద్దు.

చెవితో మొదలుపెట్టండి

రాత్రంతా ఆగి ఉన్న బండిని ఉదయం స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, టైమింగ్ కవర్ ఉన్న వైపు నిలబడండి. కండువా, చీర కొంగు, వదులు చేతుల చొక్కా ఏదీ ఇంజన్ దగ్గరికి రానివ్వకండి. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరగడం మొదలుపెడుతుంది. కొన్ని బండ్లలో తాళం తీశాక కూడా తిరుగుతుంది.

సన్నగా కూతలా మొదలై, రేజ్ చేసినకొద్దీ పెరిగే శబ్దం వస్తే టెన్షనర్ బేరింగు గానీ, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ బేరింగు గానీ అరిగిందని అనుమానించాలి. బెల్టును మరీ బిగించి కట్టినా ఇలాగే కూస్తుంది. స్టార్ట్ చేసిన వెంటనే కవర్ లోపల టపటపా కొట్టుకుని, కాసేపటికి తగ్గితే బెల్టు వదులైందన్నమాట. హైడ్రాలిక్ టెన్షనర్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) ఉన్న ఇంజన్లలో లోపలి ఆయిల్ కారిపోయినప్పుడు ఈ చప్పుడు బాగా తెలుస్తుంది. గరగరమని రాపిడి వినిపిస్తే బేరింగు చివరి దశకు వచ్చినట్టే, ఇంజన్ వెంటనే ఆపేయండి.

అయితే ఇవే శబ్దాలు ఫ్యాన్ బెల్టు, ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ నుంచి కూడా వస్తాయి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. తేల్చుకోవడానికి, నడుస్తున్న ఇంజన్‌లో బయటి బెల్టు మీద కాస్త దూరం నుంచి నీళ్లు చిలకరించండి. కూత ఒక్క క్షణం ఆగినా, మారినా దోషం బయటి బెల్టుదే. అయినా సందేహం తీరకపోతే ఇంజన్ ఆపి, బయటి బెల్టు తప్పించి, మళ్లీ స్టార్ట్ చేసి వినండి. శబ్దం అలాగే ఉంటే అది టైమింగ్ వైపుదే. ఈ పరీక్ష ఒక నిమిషం దాటకూడదు. బయటి బెల్టు లేకపోతే ఛార్జింగ్ ఉండదు, కొన్ని బండ్లలో వాటర్ పంపు కూడా తిరగదు. బ్రేకు గట్టిపడే బండ్లూ ఉన్నాయి కాబట్టి కారును అడుగు కూడా కదపొద్దు.

మన మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వింటారు. నిజంగా పనికొచ్చే విద్య ఇది. కవర్ బోల్టుల మీద ఒక్కొక్కటిగా ఆనిస్తే శబ్దం ఎక్కడ గట్టిగా ఉందో తెలుస్తుంది. తిరిగే భాగాల జోలికి మాత్రం పోకూడదు.

శబ్దం లేకుండా కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. పికప్ తగ్గడం, మిస్సింగు, సెల్ఫ్ ఎక్కువసేపు కొడితే గానీ స్టార్ట్ కాకపోవడం. స్కానర్ పెడితే పి0016 కోడ్ రావచ్చు. క్రాంకు, క్యామ్ లెక్క కలవడం లేదని దాని అర్థం. సెన్సార్ చెడినా, వైరింగు దెబ్బతిన్నా అదే కోడ్ రాగలదు. కోడ్ చూసి సెన్సార్ మార్చేసి పంపించే ముందు కవర్ విప్పి చూడమని మెకానిక్కుని అడగండి.

కవర్ విప్పి చూడటం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. చాలా బండ్లలో పై కవర్ 10 నంబర్ పానాతో వచ్చేస్తుంది. టార్చి వేసి చూడండి.

బెల్టు అంచు దారాలు లేచి ఉంటే బెల్టు తిన్నగా నడవడం లేదు. టెన్షనర్ ఒక పక్కకు ఒరిగి ఉండొచ్చు, బేరింగు ఊగుతుండొచ్చు. పుల్లీ చుట్టూ తుప్పు రంగు పొడి కనిపిస్తే బేరింగు లోపలి నుంచి తినేస్తోంది. హైడ్రాలిక్ టెన్షనర్ కడ్డీ దగ్గర ఆయిల్ చెమర్చినా దాన్ని మార్చాల్సిందే. ఆటోమేటిక్ టెన్షనర్లలో చాలావాటి మీద ఒక సూచిక ముల్లు, దానికి ఎదురుగా గాడి ఉంటాయి. ఆ రెండూ ఎలా కలవాలో మాన్యువల్ చెబుతుంది. బెల్టును వేళ్లతో మెలిపెట్టి 90 డిగ్రీలు తిరిగితే సరే అనుకోవడం పాత ఇంజన్లకు ఉజ్జాయింపుగా పనికొస్తుంది గానీ, ఆటోమేటిక్ టెన్షనర్ ఉన్న ఇంజన్‌లో దాన్ని నమ్ముకోకండి.

మొత్తం బెల్టు చూడాలంటే క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ వేసి ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పాలి. వెనక్కి తిప్పితే బెల్టు పన్ను జారే ప్రమాదం ఉంది. క్యామ్ బోల్టు పట్టుకుని అస్సలు తిప్పకండి.

పగుళ్లు, మెరుపు, ఊడిన పళ్లతో పాటు ఆయిల్ తడి కూడా చూడండి. ఆయిల్ బయటికి రాకుండా ఆపే క్యామ్ సీలు, క్రాంక్ సీలు లీకై ఆయిల్ పడితే బెల్టు మెత్తబడుతుంది. సీలు మార్చకుండా కొత్త టెన్షనర్ వేస్తే పని సగమే అయినట్టు.

మన దగ్గర ఇంకో రెండు సంగతులున్నాయి. కళింగపట్నం, బారువ లాంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలి తగులుతుంది, గరివిడి, చీపురుపల్లి వైపు ఖనిజాల దుమ్ము లేస్తుంది. కవర్ పగిలినా, పాతపని తర్వాత ఒక బోల్టు బిగించకుండా వదిలేసినా ఇదంతా నేరుగా బేరింగులోకి పోతుంది. 2018లో తిత్లీ తుఫానప్పటిలా ఊళ్లు నీట మునిగినప్పుడు బంపరు ఎత్తున నీళ్లలో నిలిచిన కారైతే, శబ్దం లేకపోయినా కవర్ తీయించి చూడాలి.

మార్చేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

బెల్టు దించి టైమింగ్ మార్కులు కలిపే పని అనుభవమున్న మెకానిక్కుదే. బెల్టు దించాక టెన్షనర్ పుల్లీని వేలితో తిప్పి చూపించమనండి. గరుకుగా తగిలినా, అటూఇటూ ఊగినా, గ్రీజు పట్టు ఏమీ లేకుండా గిర్రున ఎక్కువసేపు తిరిగినా అది పోయినట్టే.

బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ కలిసిన కిట్టే కొనండి. డస్టర్ డీజిల్‌లా వాటర్ పంపును కూడా టైమింగ్ బెల్టే తిప్పే ఇంజన్ అయితే పంపు కూడా అప్పుడే మార్పించండి. ఎలాగూ అంతా విప్పారు, కూలి రెండుసార్లు ఎందుకు? బోల్టులు చేతి అంచనాతో కాకుండా బిగువును కొలిచే టార్క్ రెంచ్‌తో, ఆ ఇంజన్‌కి చెప్పిన కొలతకే బిగించాలి. ఆ తర్వాత క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ కలిశాయో లేదో చూశాకే సెల్ఫ్ కొట్టాలి.

అనుమానం గట్టిగా ఉన్న బండితో సాలూరు ఘాట్ ఎక్కడం, హైవే మీద ఇచ్ఛాపురం దాకా పోవడం వద్దు. వాహనం మీద ఎక్కించి షెడ్డుకు పంపండి. నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోయి, సెల్ఫ్ కొడితే ఎప్పటికన్నా తేలిగ్గా, వేగంగా తిరుగుతోందా? బెల్టు తెగి ఉంటుంది. రెండోసారి సెల్ఫ్ కొట్టకండి, తోయించి స్టార్ట్ చేయించకండి. తిప్పిన ప్రతిసారీ మిగిలిన వాల్వులకూ దెబ్బ తగలొచ్చు.