పాత సిగరెట్ కార్డుల్లో స్నానమాడే దేవతలను గుర్తుపట్టడం ఎలా?

1880ల్లో అమెరికాలో సిగరెట్ పెట్టె కొంటే లోపల ఒక చిన్న రంగుల బొమ్మ కార్డు వచ్చేది. పెట్టె నలగకుండా పెట్టిన అట్టముక్క మీదే ప్రచారం కూడా చేసుకునేవారు. రోచెస్టర్ నగరానికి చెందిన కింబాల్ కంపెనీ 1889లో ఈత దుస్తుల అమ్మాయిలతో ఒక సెట్టే వేసింది. ఇలాంటి బొమ్మల్లో గ్రీకు, రోమన్ దేవతలు తొంగిచూస్తుంటారు. వాళ్లను పట్టుకోవడం నాకు భలే ఇష్టం.

మొదట మంచి బొమ్మ దొరకాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జెఫర్సన్ బర్డిక్ పోగుచేసి ఇచ్చిన కార్డులు లక్షల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఆ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఫోన్లో బాగా జూమ్ చేయండి.

ముఖం జోలికి వెళ్లకుండా ముందు చేతులు చూడండి. అసలు గుట్టంతా అక్కడే ఉంటుంది. తడి జుట్టును రెండు చేతులా పిండుతుంటే, అది సముద్రంలోంచి అప్పుడే లేచొచ్చిన ప్రేమ దేవత వీనస్. అపెలిస్ అనే గ్రీకు చిత్రకారుడు వేసిన ఆ బొమ్మ ఎప్పుడో పోయింది, భంగిమ మాత్రం బతికింది. ఒక చెయ్యి రొమ్ముకు, ఇంకోటి కిందికి అడ్డం పెట్టుకుంటే రోమ్‌లోని కాపిటోలిన్ వీనస్ శిల్పాన్ని గుర్తు చేసుకోండి. ఆమె పక్కన నీళ్ల కూజా, దాని మీద విడిచిన బట్ట ఉంటాయి. అంటే ఆమె కూడా స్నానానికి వచ్చినదే! కార్డులో కూజా బదులు తువ్వాలు వేలాడే కర్ర కనిపించినా లెక్క అదే.

తర్వాత చుట్టూ ఏముందో చూడండి. గవ్వ, డాల్ఫిన్, పావురం ఉంటే వీనస్. నుదుట నెలవంక, పక్కన వేటకుక్కలు ఉంటే వేట దేవత డయానా. ముగ్గురు అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నిలబడితే గ్రేసెస్, అంటే అందచందాల దేవతలైన ముగ్గురు అక్కచెల్లెళ్లు.

పొద చాటున ఎవరైనా మగవాడు ఉన్నాడా? ఉంటే ఆక్టియాన్ అనే వేటగాడి కథ కావచ్చు. డయానా స్నానాన్ని చూసినందుకు ఆమె అతని మీద నీళ్లు చిమ్ముతుంది. తలమీద కొమ్ములు మొలిచి జింకైపోతాడు, సొంత కుక్కలే చీల్చేస్తాయి. ఒడ్డున చెట్టు, కొమ్మలకు చీరలు కనిపిస్తే మనకు గోపికా వస్త్రాపహరణమని వెంటనే తెలిసిపోతుంది కదా, అప్పటి చదువుకున్నవాళ్లకు ఇదీ అలాగే తెలిసేది.

ఒక్క గుర్తుతో తేల్చేయకండి. సముద్రపు ఒడ్డు బొమ్మలో గవ్వ ఉండటం మామూలే. చేతుల భంగిమ, పక్కనున్న వస్తువు రెండూ కలిస్తేనే దేవత పేరు రాసుకోండి. చివరగా కార్డు వెనక్కి తిప్పి సెట్ పేరు చూడండి. బర్డిక్ తన కేటలాగ్‌లో ఆ సెట్‌కు ఇచ్చిన నంబర్ ఎన్ (N) అక్షరంతో మొదలైతే అది 19వ శతాబ్దపు అమెరికా పొగాకు కార్డు. ఆ నంబర్‌తో వెతికితే అదే సెట్‌లోని మిగతా అమ్మాయిలూ దొరుకుతారు.