లామలేరా వెళ్లాలంటే: తిమింగలాల ఊరికి దారి, అక్కడ మెలగాల్సిన తీరు

లామలేరా వెళ్లేవాళ్లు టికెట్ల కంటే ముందు నెల చూసుకోవాలి. ఇండోనేషియాలో తూర్పు నుసా తెంగారా రాష్ట్రంలో లెంబాటా అనే దీవి ఉంది. దాని దక్షిణపు ఒడ్డున, సావు సముద్రానికి ఎదురుగా, రాళ్ల కొండవాలును అంటిపెట్టుకుని ఉంటుందీ ఊరు. పంట పండే నేల లేనట్టే. తరతరాలుగా స్పెర్మ్ తిమింగలాన్ని చేతి బల్లెంతో వేటాడి, ఆ మాంసం కొండ మీది ఊళ్లకిచ్చి మొక్కజొన్న తెచ్చుకుని బతికారు. ఇవాళ్టికీ ఆ బతుకే చాలావరకు నడుస్తోంది.

వేటకాలాన్ని వాళ్లు లెఫా అంటారు. మే 1న మొదలై అక్టోబరు దాకా ఉంటుంది. ఊరంతా కాథలిక్కులు. మొదటిరోజు సముద్రపు ఒడ్డునే ప్రార్థన పెట్టి, ఫాదరు పడవల మీద పవిత్ర జలం చల్లాక ముందు ఒక్క పడవ నీళ్లలోకి దిగుతుంది. దానికి ముందు, ఏప్రిల్ ఆఖర్లో, నేల మీద తొలిహక్కు ఉన్న వంశంవాళ్లు కొండ మీద తమ పాత ఆచారం జరుపుతారు. సముద్రంలో పోయినవాళ్ల పేర్లు తలుచుకుని రాత్రివేళ కొవ్వొత్తులు వెలిగించే తంతు కూడా ఉంటుంది. ఆ నాలుగైదు రోజులూ అక్కడ ఉండేలా చూసుకోండి. నేను ఉప్పాడవాణ్ణి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మా ఇళ్లలో అదే ఖాళీ కాలం. మత్స్యకారుల కుటుంబాల నుంచి ఎవరైనా వెళ్లాలనుకుంటే ఇంతకంటే మంచి వేళ దొరకదు.

ఇక దారి. సింగపూరో కౌలాలంపూరో మీదుగా బాలీకి గాని జకార్తాకు గాని చేరాలి. మన పాస్‌పోర్టుకు దిగగానే వీసా ఇస్తారు. 5 లక్షల రుపియాలు కట్టాలి, గడువు 30 రోజులు, ఒకసారి పొడిగించుకోవచ్చు. అక్కడి నుంచి కుపాంగ్‌కు విమానం, కుపాంగ్ నుంచి లెంబాటా ముఖ్యపట్టణం లెవోలెబాకు చిన్న విమానం. నేనైతే సముద్రం దారే మేలంటాను. ఫ్లోరెస్ దీవి తూర్పు చివర లారాంతుకా రేవులో పడవెక్కితే అడొనారా దీవిలో వైవెరాంగ్ దగ్గర ఆగి, సుమారు నాలుగు గంటల్లో లెవోలెబాలో దించుతుంది. దారిపొడుగునా రెండు వైపులా అగ్నిపర్వతాలే. లెంబాటాలోని ఇలె లెవోతోలోక్ 2020లో పెద్దగా పేలింది, ఇప్పటికీ దాన్ని నమ్మలేం. బూడిద లేచిన రోజు విమానాలు ఆగిపోతాయి కనుక లెంబాటా నుంచి తిరుగు టికెట్‌కూ జకార్తా నుంచి ఇంటికొచ్చే విమానానికీ మధ్య రెండు మూడు రోజులు వదిలిపెట్టండి.

లెవోలెబాలోనే డబ్బు తీసుకోండి, అది కూడా చిన్న నోట్లు. లామలేరాలో ఏటీఎం ఉండదు. టెల్కోమ్‌సెల్ సిమ్ వేసుకోండి. ఈ రాష్ట్రంలో మలేరియా ఉంది, బయల్దేరేముందే డాక్టరును అడిగి మాత్రలు తెచ్చుకోండి. లెవోలెబా నుంచి లామలేరాకు బల్లలు వేసిన లారీలు పోతాయి, వాటిని ఓటో అంటారు. కోళ్లు, బియ్యం బస్తాలు, సిమెంటు, మనుషులు అన్నీ ఒకే లారీలో. కొండదారిలో మూడు నాలుగు గంటలు పడుతుంది. ఎడమో కుడో అంచున కూర్చోండి, మధ్యలో కూర్చుంటే నడుము పట్టుకోవడానికి ఆసరా ఉండదు.

ఊళ్లో దిగగానే ఊరి పెద్ద ఇంటికి వెళ్లి కనబడండి. ఊరు పాలనకు లామలేరా ఎ, లామలేరా బి అని రెండు. మీరు దిగిన ఇల్లు ఎందులో ఉందో కనుక్కుని ఆ పెద్దనే కలవాలి. పెద్ద మగవాళ్లను బాపా అనీ, ఆడవాళ్లను మామా అనీ పిలవండి. హోటళ్లుండవు, ఇళ్లలోనే గది, వాళ్లు తినేదే మీకూ పెడతారు. చేప, అన్నం, మునగాకు కూర. మన నోటికి ఇబ్బందేమీ ఉండదు. పొద్దున్నే జాగుంగ్ తితి పెడతారు, మొక్కజొన్న అటుకులనుకోండి. అది తయారయ్యేది తప్పక చూడండి. నేనున్న ఇంట్లో మామా పొయ్యి పక్కన కూర్చుని, మట్టిపాత్రలో వేగుతున్న గింజల్లోకి ఒట్టి చెయ్యి పెట్టి, రెండు మూడు తీసి బండ మీద వేసి, కుడిచేతిలో రాయితో ఒక్క దెబ్బ వేసేది. గింజ పలచగా పరుచుకునేది. చెయ్యి మళ్లీ పాత్రలోకి. వేడి తెలియదా అనడిగితే వేలికొసలు నా అరచేతికి ఆనించింది, గట్టిపడి పెచ్చులా ఉన్నాయి.

మాంసం విషయం ముందే మనసులో పెట్టుకోండి. ఒక తిమింగలం పడితే ఊరంతా వెదురు దండేల మీద ముక్కలు ఆరుతుంటాయి, కొవ్వు కారి కింద పెట్టిన దొప్పల్లోకి చుక్కలుగా పడుతుంది. ఆ నూనె దీపాలకు వాడేవాళ్లు. వాసన ఘాటుగా ఉంటుంది. వాళ్ల గుమ్మం ముందు ముక్కు మూసుకోకండి.

పడవలను తీరిగ్గా చూడండి. ఒడ్డున తాటాకు కొట్టాల్లో వరసగా ఉంటాయి, తెనా అంటారు. పలకను పలకకు అంచులు కలిపి, చెక్కమేకులతో బిగిస్తారు. ఇనపమేకు ఒక్కటి ఉండదు. నేను అతుకు వెంట గోరు నడిపితే ఎక్కడా దిగలేదు. తెరచాప తాటిజాతి చెట్టు ఆకులతో అల్లింది. ముందు భాగంలో సముద్రం మీదికి చాచిన వెదురు మంచె ఉంటుంది. బల్లెం పట్టే మనిషి, లామాఫా, దాని మీదే నిలబడి, బల్లెంతో సహా తిమింగలం మీదికి దూకుతాడు. ఇప్పుడు ఇంజను బోట్లు తెనాను సముద్రంలోకి లాక్కెళతాయి. కొట్టంలోకి అడుగుపెట్టేముందు అడగండి, పడవ మీద కాలు వేయకండి.

వేటకు వెంట వెళ్లొచ్చా అని అందరూ అడుగుతారు. అడిగి చూడండి, ఒప్పుకుంటే అడిగినంత ఇవ్వండి, లైఫ్ జాకెట్ మీదే తెచ్చుకోండి. చూపించిన చోట కూర్చోండి. కొన్ని మాటలు నీళ్ల మీద పలకకూడదని వాళ్ల కట్టుబాటు, కనుక నోరు కట్టేసుకోవడం మంచిది. తిమింగలం కనబడకపోతే నిట్టూర్చకండి. చాలా రోజులు వట్టి చేతులతోనే తిరిగొస్తారు. లామాఫా ఇంట్లో తగువుంటే వేట చెడుతుందని నమ్ముతారు, మీ నిరాశ కూడా వాళ్లకు బరువే. వేటకాలం కాని రోజుల్లో ఎవరికైనా తిమింగలం కనబడితే "బాలెఓ" అన్న కేక ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. అప్పుడు దారికి అడ్డం లేకుండా పక్కకు తప్పుకోండి.

నా మట్టుకు అసలు చూడాల్సింది ఒడ్డున జరిగే పంపకం. మన దగ్గర బోటు వాటా, వల వాటా, కలాసీల వాటా అని డబ్బు లెక్క. అక్కడ కత్తి పెట్టకముందే ఏ భాగం ఎవరిదో తెలుసు. లామాఫాకు, తెడ్డు వేసినవాళ్లకు, పడవ కట్టిన వడ్రంగికి, బల్లెం మొన కొట్టిన కమ్మరికి, తెరచాప అల్లినవాళ్లకు, పడవ ఏ వంశానిదో ఆ ఇళ్లకు. ఆ ఇళ్ల నుంచి చుట్టాలకు, విధవరాళ్లకు చేరుతుంది. గొడవ పడిన గొంతు నాకు వినబడలేదు.

ఈ వేట తప్పా ఒప్పా అని అక్కడ వాదన పెట్టుకోకండి. స్పెర్మ్ తిమింగలం ఇండోనేషియాలో రక్షిత జంతువే, మంటా రేలను, అంటే రెక్కల్లాంటి ఒళ్లున్న చదునైన పెద్ద చేపలను, 2014 నుంచి దేశమంతటా కాపాడుతున్నారు. ఊరి పెద్దలకు ఇవన్నీ తెలుసు. 1970ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నార్వే నుంచి వేటగాణ్ణి తెచ్చి యంత్రాలతో వేట నేర్పబోయి, కొన్నాళ్లకే మానుకుంది. చేతి బల్లెం వేటకు ఒక హద్దు ఉంది, ఇంజనుకు లేదు. నాకు భయం ఇంజన్ల మీదే.

తిమింగలం పన్ను, దానితో చేసిన ఉంగరం ఎవరైనా చూపిస్తే కొనకండి. దేశం దాటించడం నేరం. అంబర్‌గ్రిస్, అంటే తిమింగలం పేగుల్లో ఏర్పడే మైనంలాంటి ముద్ద, దాని జోలికి అసలే వద్దు, మన దగ్గరా పోలీసులు పట్టుకుంటున్న సరుకే అది. చీరె మగ్గాల ఊళ్లో పెరిగినవాణ్ణి కనుక బట్ట కొనమని చెబుతాను. ఇంట్లో వడికిన నూలు, నీలిమందు, తొగరు వేరు రంగు, నడుముకు కట్టుకునే మగ్గం. పోగుల్ని ముందే ముడివేసి అద్దే పద్ధతి మన పోచంపల్లిదే. పడవ, తిమింగలం, మంటా బొమ్మలుంటాయి. గుజరాత్ పటోలాలు ఒకప్పుడు వర్తకులతో ఇక్కడికొచ్చి, కొన్ని వంశాల ఇళ్లలో ఆస్తిగా ఉండిపోయాయి. నేసిన మనిషి చేతికే డబ్బివ్వండి, బేరం ఎక్కువ ఆడకండి. నెలల తరబడి చేసిన పని అది.

శనివారం కలిసొచ్చేలా ఉండండి. ఆ రోజు తీరం వెంట వులాండోనిలో సంత. మామాలు బేసిన్లు నెత్తిన పెట్టుకుని నడిచిపోతుంటే వాళ్ల వెనకే వెళ్లండి. కొండవాళ్లు అరటి, మొక్కజొన్న, చిలగడదుంప పరుచుకుని కూర్చుంటారు. ఈల వేసేదాకా ఎవరూ చెయ్యి చాపరు. ఈల పడగానే మారకం మొదలు. ఎండు మాంసం ముక్క ఒకటికి డజను కంకులో డజను అరటిపళ్లో. నోట్లు పట్టుకుని మధ్యలోకి దూరకండి. పక్కనున్న చెట్టునీడలో కూర్చుంటే కొండ మామా ఎవరో ఒకరు అరటిపండు చేతిలో పెడుతుంది. మీ సంచిలో ఉప్పు పాకెట్టో సబ్బో ఉంటే తిరిగివ్వండి, సంతోషంగా తీసుకుంటారు. సంత అయ్యాక వచ్చిన దారినే నడిచి, చీకటి పడకముందే ఊరికి చేరి, మర్నాటి లారీ ఎన్నింటికో, మీకు చోటుందో లేదో డ్రైవరు ఇంటికే వెళ్లి అడగండి. తెల్లవారకముందే కదిలిపోతుంది.