ఎండాకాలంలో బోటు షికారు: లైఫ్ జాకెట్ విప్పాలనిపించే ముందే చూసుకోవాల్సినవి

సెలవులు మొదలైతే మన సీమలో నీళ్లున్న ప్రతి చోటికీ జనం కదులుతారు. అవుకు రిజర్వాయర్, గండికోట, మైలవరం, ఏది దగ్గరైతే అది. పిల్లలు బోటు ఎక్కుదామంటారు, పెద్దవాళ్లు "నీళ్ల మీద చల్లగానే ఉంటుంది లే" అంటారు. ఆ చల్లదనాన్ని నమ్మకండి. బోటులో కూర్చుంటే ఎండ పైనుంచీ పడుతుంది, నీళ్ల మీద తళతళలాడి మొహానికీ కొడుతుంది. గాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు పోతున్న సంగతి తెలియదు. గండికోట లోయలో అయితే రెండు పక్కలా రాతి గోడలు మధ్యాహ్నానికి కాలిపోయి, పొద్దు వాలినా ఆ సెగ వదులుతూనే ఉంటాయి.

నన్నడిగితే వేసవి షికారులో అసలు ప్రమాదం లైఫ్ జాకెట్ దగ్గరే మొదలవుతుంది. ఎక్కేటప్పుడు అందరూ వేసుకుంటారు. పది నిమిషాలకు ఉక్కపోస్తుంది, మెడ దగ్గర ఒరుసుకుంటుంది. ముందు క్లిప్పు ఊడుతుంది, తర్వాత జాకెట్ ఒళ్లోకి వస్తుంది, ఫొటో దిగేసరికి సీటు కిందికి చేరుతుంది. పడవ తిరగబడితే దాన్ని వెతికి వేసుకునేంత టైమ్ ఎవరికీ ఉండదు. అందుకే జాకెట్ ఒంటి మీద ఉంచుకోలేనంత ఎండ ఉంటే, ఆ వేళలో బోటే ఎక్కకూడదు. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

మంచి వేళ తెల్లవారుజాము నుంచి తొమ్మిది లోపు. పదకొండు నుంచి నాలుగు దాకా నీళ్ల వైపు చూడనే వద్దు. కర్నూలు, నంద్యాల వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. పైగా వార్తల్లో చెప్పే ఆ లెక్క నీడలో, గాలి ఆడే తెల్ల పెట్టెలో పెట్టిన థర్మామీటర్‌ది. నెత్తిన ఎండ పెట్టుకుని ఫైబర్ సీటు మీద కూర్చున్న మనిషికి తగిలే వేడి అంతకన్నా ఎక్కువ. పెడల్ బోటు అయితే ఇంకా కష్టం. పిల్లలు పోటీపడి తొక్కి మధ్యలోకి వెళ్లిపోతారు, తిరిగి రావడానికి కాళ్లలో సత్తువ మిగలదు.

మరి సాయంత్రం? సాయంత్రంతో వేరే టెన్షన్ ఉంది. ఏప్రిల్, మే నెలల్లో రోజంతా కాసిన ఎండకు నాలుగు దాటాక మబ్బులు పైకి లేస్తాయి. ఆ మబ్బులో వాన కురవడం మొదలైతే చల్లబడిన గాలి ధబాలున కిందికి దిగి నలుదిక్కులకూ తోసుకొస్తుంది. అంటే వాన చుక్క పడకముందే గాలి మన దగ్గరికి వచ్చేస్తుంది. పొద్దున్నుంచీ ఉడికిపోయిన జనం "హమ్మయ్య, చల్లగాలి" అని చేతులు చాచి కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే ఒడ్డుకు తిరగాలి. అవుకు లాంటి విశాలమైన నీళ్ల మీద అలలు లేవడానికి నిమిషాలు చాలు. పడమట నల్లమబ్బు, దూరంగా ఎర్రటి దుమ్ము కనిపిస్తే ఇంకో రౌండ్ ఆశ పెట్టుకోకండి. ఉరుము వినపడిందంటే పిడుగు మీదాకా వచ్చే దూరంలోనే ఉన్నట్టు. నీళ్ల మీద అన్నిటికన్నా ఎత్తుగా కనపడేది మీ పడవే. ఒడ్డెక్కాక చెట్టు కిందికి పోవద్దు, కారులోకో పక్కా కట్టడంలోకో వెళ్లి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది, ఫోన్‌లో వేసుకోండి.

జాకెట్ సరిపోయిందో లేదో చూడటం తేలిక. బెల్టులన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా లేచిందంటే అది మీ సైజు కాదు. పిల్లలకు పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో పడగానే జాకెట్ పైకి, పిల్లాడు కిందికి. ఎండలో నెలల తరబడి పడి ఉన్నవాటి బట్ట పీలికలవుతుంది, బెల్టు లాగితే తెగుతుంది. అలాంటిది ఇస్తే మొహమాటపడకుండా మార్చమనండి. ఉక్కకు ఒక చిట్కా: లోపల నూలు చొక్కా వేసుకుని, ఎక్కే ముందు చొక్కానూ జాకెట్‌నూ నీళ్లతో తడపండి. షికారు అయ్యేదాకా జాకెట్ విప్పే పని ఉండదు.

ఎక్కే ముందే "అన్నా, ఎంతమందిని ఎక్కిస్తావు?" అని అడగండి. 2017 ఏప్రిల్ చివర్లో గుంతకల్లు దగ్గర ఎర్రతిమ్మరాజుచెరువులో పడవ మునిగి పదిమందికి పైగా పోయారు, అందులో చిన్నపిల్లలు ఎక్కువ. మోయగలిగిన దానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకున్న పడవ అది. ఊరి చెరువే, చుట్టాలే, కాసేపే అనుకునే చోటే ఇలాంటివి జరుగుతాయి. చేపలు పట్టేవాళ్ల పుట్టి ఎక్కి సెల్ఫీకి లేచి నిలబడటం మరీ పిచ్చిపని. పుట్టి గుండ్రంగా ఉంటుంది, ఒక పక్క బరువు పడితే అటే ఒరుగుతుంది.

వేసవిలో నీళ్లు తగ్గితే ప్రమాదం తగ్గుతుందనుకోవడం కూడా తప్పే. శ్రీశైలం నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడటం మనందరం చూసిందే. గుడిని దాచుకునే నీళ్లకు ఒక మొద్దును దాచడం ఎంతసేపు? మట్టం పడిపోతున్నప్పుడు ముంపు ఊళ్ల మొండిగోడలు, చెట్ల మొద్దులు, బండలు నీటికి జానెడు కింద ఉంటాయి. పైకి కనపడవు, పడవ అడుగుకు తగులుతాయి. ఒడ్డున పైన ఎండి పగిలినట్టు కనిపించే ఒండ్రు మీద అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. నడిపే మనిషికి ఆ నీళ్లు తెలిసి ఉండాలి, అందుకే తెలియని చోట సొంత బోటు దింపే ఉత్సాహం వద్దు. దింపాల్సే వస్తే పెట్రోలు ఒడ్డునే పోసుకోండి. ఎండకు వ్యాకోచిస్తుంది కాబట్టి ట్యాంకు నిండా నింపకండి. మోటారు చల్లబడటానికి రిజర్వాయర్ నీళ్లనే లాక్కుంటుంది. బురద, నాచు అడ్డుపడితే పక్కనుంచి చిమ్మే నీటి ధార సన్నబడుతుంది. అది ఆగిందంటే ఇంజిన్ ఆపేయాలి.

తాగడానికి మంచినీళ్లు, ఉప్పేసిన పలుచని మజ్జిగ, ఓఆర్ఎస్ పట్టుకెళ్లండి. నన్నారి షర్బత్ ఒడ్డున తాగినా ఫరవాలేదు. మందు మాత్రం ఎక్కే ముందూ వద్దు, ఎక్కాకా వద్దు. ఉగ్గాని బజ్జి నాకూ ఇష్టమే, కానీ దిగాక తినండి. బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగి కదలడం మంచిది.

బోటులో ఎవరైనా మాట తడబడినా, తూలినా, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పినా వడదెబ్బ అనుకోండి. చెమట ఆగితేనే వడదెబ్బ అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. చెమట పడుతూనే తగలొచ్చు. వెంటనే ఒడ్డుకు తిప్పించి, దారిలోనే 108కు ఫోన్ చేసి బోటు ఏ ఒడ్డుకు చేరుతుందో చెప్పండి. మనిషిని పడుకోబెట్టి, తువ్వాలు నీడగా పట్టి, మగ్గుతో రిజర్వాయర్ నీళ్లే ఒళ్లంతా పోస్తూ విసరండి. ఐసు ఉంటే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. అంతేగానీ చల్లబడతాడని చెప్పి నీళ్లలోకి దింపకండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. జ్వరం మాత్ర ఈ వేడికి పనిచేయదు. అంబులెన్స్ ఎక్కించాక కూడా తడపడం, విసరడం ఆపొద్దు.