మోటార్ న్యూరాన్ డిసీజ్ తొలి దశలో వ్యాయామం: ఏది చేయాలి, ఎక్కడ ఆపాలి

మోటార్ న్యూరాన్ డిసీజ్ అని తేలగానే చాలా ఇళ్లలో మొదట వచ్చే వస్తువు రబ్బరు బంతి. పక్షవాతం వచ్చినవాళ్లు అది పిసకడం చూసి, ఇక్కడా పనికొస్తుందనుకుంటారు. ఈ రెండు జబ్బుల దారులు వేరు. పక్షవాతంలో మెదడుకు కదలిక మళ్లీ నేర్పడానికి ఒకే పని పదేపదే చేయిస్తారు. ఇక్కడ కండరాన్ని కదిలించే నరకణాలే తగ్గిపోతుంటాయి, మిగిలిన కొన్నే మొత్తం పని మోస్తుంటాయి. బరువులెత్తినంత మాత్రాన కరిగిన కండ తిరిగి రాదు. బంతి పిసికితే వేళ్లు ముడిచే కండరాలే పని చేస్తాయి. చాచే కండరాలు అప్పటికే నీరసించి ఉంటే వేళ్లు లోపలికి వంగిపోతాయి.

వ్యాయామం అవసరమే. అయితే దాని పని వేరు: కీళ్లు బిగుసుకోకుండా చూడటం, భుజం నొప్పిని రానీయకపోవడం, ఇంకా బాగున్న కండరాలు వాడక చిక్కిపోకుండా కాపాడటం.

మొదలుపెట్టేముందు ఏ కండరం ఎంత బలంగా ఉందో ఫిజియోథెరపిస్టు చేత ఒకసారి చూపించుకోండి. చేయి గానీ కాలు గానీ తన బరువును తాను ఎత్తగలిగితే తేలికపాటి వ్యాయామం చేయవచ్చు. ఎత్తలేకపోతే రెండో చేత్తోనో మరొకరి సాయంతోనో కదపడం వరకే.

ఒంట్లో ఓపిక ఉన్న వేళ చేయండి, ఎండాకాలమైతే పొద్దెక్కకముందే. భోజనం చేసిన వెంటనే వద్దు. స్నానానికే బాగా అలసిపోయేవాళ్లు దానికీ వ్యాయామానికీ మధ్య విశ్రాంతి తీసుకోవాలి. నేల మీద చాప వేసుకుంటే లేవడానికే సగం ఓపిక పోతుంది. కుంగిపోయే నవారు మంచం కూడా కుదరదు. గట్టి పరుపున్న మంచం మంచిది.

అన్నిటికంటే ముందు భుజం. వెల్లకిలా పడుకుని, నీరసంగా ఉన్న చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకుని మెల్లగా తల వైపు ఎత్తండి. నొప్పి మొదలయ్యే చోటికి ముందే ఆపి దించండి. ఇలా 5 నుంచి 10 సార్లు, రోజూ. సాయం చేసేవాళ్లు ఒక చెయ్యి మోచేతి కింద, ఇంకోటి మణికట్టు కింద ఉంచాలి. లేపేటప్పుడు చెయ్యి పట్టి లాగడం, చంకలో చేతులు వేసి ఎత్తడం చేయకూడదు. భుజం కీలును పట్టి ఉంచేది చుట్టూ ఉన్న కండరాలే కాబట్టి, అవి వదులైనప్పుడు ఒక్క లాగుడుకే నెలల తరబడి నొప్పి పట్టుకోవచ్చు.

వేళ్లను ఒక్కొక్కటిగా చాచి 20 నుంచి 30 సెకన్లు ఉంచండి. బొటనవేలిని పక్కకు తెరవడం మరిచిపోవద్దు.

పిక్కల కోసం, కాలు చాపి కూర్చుని అరికాలి ముందు భాగానికి తువ్వాలు వేసి మోకాలు వంచకుండా మీ వైపు లాగండి. 30 సెకన్లు, ఒక్కో కాలికి 3 సార్లు. కాళ్లు బిర్రబిగుసుకునేవాళ్లు చాలా నిదానంగా చేయాలి. ఒక్కసారిగా లాగితే పాదం టకటకా కొట్టుకోవడం మొదలవుతుంది. అలా జరిగితే లాగడం ఆపి, కొట్టుకోవడం తగ్గేదాకా ఆగండి.

నడకను 5 నుంచి 10 నిమిషాల చొప్పున విడగొట్టుకోండి. నడుస్తూ మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే. పాదం వేలాడుతుంటే హవాయి చెప్పులు తీసేసి, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. పాదాన్ని నిలబెట్టే ప్లాస్టిక్ పట్టీ గురించి ఆలస్యం చేయకుండా అడగండి. అది వేసుకుంటే కాలు సోమరిపోతుందన్న మాట నమ్మొద్దు. పడి ఎముక విరిగితే జరిగే నష్టమే చాలా ఎక్కువ. బయటి నడక భయమనిపిస్తే కదలని సైకిల్‌ను బిగువు లేకుండా తొక్కవచ్చు.

ఎంత చేయాలన్నది చేసేటప్పుడు తెలియదు, చేశాక తెలుస్తుంది. అరగంట విశ్రాంతి తర్వాత కూడా అలసట తీరకపోయినా, మర్నాడు కండలు నొప్పులు పుట్టినా, పిక్కలు పట్టేయడం, కండలు అదరడం పెరిగినా మోతాదు ఎక్కువైంది. తర్వాతిసారి సగానికి తగ్గించండి. తల దువ్వుకోవడానికి, అన్నం కలుపుకోవడానికి ఓపిక మిగలకపోతే ఆ వ్యాయామం దండగ.

ఏ కదలికలోనూ ఊపిరి బిగపట్టవద్దు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావడం, పొద్దున్నే తలనొప్పి, రాత్రి నిద్ర చెదిరి పగలంతా కునుకు పడటం కనిపిస్తే వ్యాయామం పక్కన పెట్టి డాక్టరుకు చెప్పండి. ఊపిరి కండరాల బలం కొలిచే పరీక్ష చేయించాల్సిన సమయమది.

వారానికోసారి బరువు చూసుకోండి. సన్నబడటం ఈ జబ్బులో మంచిది కాదు. బరువు తగ్గుతుంటే నడక తగ్గించి, అన్నంలో నెయ్యి, పెరుగు, గుడ్లు, పప్పు పెంచండి. మింగడం కష్టమవుతున్నా, షుగర్, గుండె జబ్బులున్నా తిండి మార్చేముందు డాక్టరునో డైటీషియన్‌నో అడగండి.