‘వాళ్ల బుర్ర పరిశోధనకు పనికిరాదు’ అనే మాటను ఎలా పరీక్షించాలి

ఎంఏ సైకాలజీ పిల్లలకు నేను రీసెర్చ్ మెథడ్స్ చెబుతాను. ఏటా ఏదో ఒక క్లాసులో ఈ గొడవ లేస్తుంది. కన్జర్వేటివ్‌ల (పాత పద్ధతుల వైపు మొగ్గేవాళ్ల) ఆలోచనా తీరే చదువుల రంగానికి సరిపడదని, అందుకే అమెరికా యూనివర్సిటీల్లో లిబరల్ (మార్పు కోరే) ప్రొఫెసర్లు నిండిపోయారని ఒకరంటారు. అదేం కాదు, లోపల ఉన్నవాళ్లు బయటివాళ్లను రానివ్వడం లేదని ఇంకొకరు. ఇద్దరి ఫోన్లలోనూ ఏదో ఒక పేపర్ స్క్రీన్‌షాట్ ఉంటుంది. అలాంటి పేపర్‌ను ఎలా చదవాలో నా పద్ధతి చెబుతాను. పీహెచ్‌డీకి అప్లై చేసేవాళ్లకూ, ఇంటి వాట్సాప్ గ్రూపులో బాబాయిలతో ఈ విషయం మీద వాదించేవాళ్లకూ పనికొస్తుంది.

ముందు ప్రశ్నను మూడు ముక్కలు చేసుకోండి. ఈ రంగంలోకి ఎవరు రావాలనుకుంటున్నారు? వచ్చినవాళ్లలో ఎవరిని రానిస్తున్నారు? లోపలికి వెళ్లాక పని ఎవరు బాగా చేస్తున్నారు? ‘సరిపోతారా, సరిపోరా’ అన్నది మూడోదానికి సంబంధించిన మాట. జనం చూపించే సాక్ష్యం మాత్రం దాదాపు ఎప్పుడూ మొదటిదానికో రెండోదానికో చెందింది అయ్యుంటుంది.

ఉదాహరణకు, 2011 జనవరిలో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో సోషల్ సైకాలజిస్టుల మహాసభ జరిగింది. వాళ్లలో ఒకరైన జొనాథన్ హైట్ వేదిక మీది నుంచి, మీలో కన్జర్వేటివ్‌లు ఎందరో చేతులెత్తండి అన్నారు. సుమారు వెయ్యి మంది ఉన్న హాల్లో లేచినవి మూడే చేతులు. ఈ కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అయితే దాన్నిబట్టి మనకు తెలిసేది హాల్లో ఎవరున్నారన్నదే. మిగతావాళ్లు ఎందుకు లేరో, ఉండి ఉంటే ఎలా పనిచేసేవాళ్లో ఆ చేతులు చెప్పవు.

ఎవరు రావాలనుకుంటున్నారన్న దాని మీద నాకు బాగా నచ్చింది వోస్నర్ దంపతుల పని. ఆ పని చేసినప్పుడు ఇద్దరూ పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్లే. మాథ్యూ కన్జర్వేటివ్‌ల పక్షమైన రిపబ్లికన్, ఏప్రిల్ లిబరళ్ల పక్షమైన డెమొక్రాట్. (ఆ ఇంట్లో భోజనాల దగ్గర మాటలు వినాలని నా కోరిక.) కన్జర్వేటివ్ విద్యార్థులు డాక్టరేట్ వైపు ఎందుకు రారని వాళ్లు వెతికితే, ఉద్యోగానికి దారితీసే కోర్సుల మీద మొగ్గు, డబ్బుకూ కుటుంబానికీ ఇచ్చే ప్రాధాన్యం పెద్ద కారణాలుగా కనిపించాయి. మనకిది కొత్తేం కాదు. తెలుగిళ్లలో ఎంపీసీలో మంచి మార్కులొచ్చిన పిల్లల్లో చరిత్రలో ఎంఏ చేసేవాళ్లు ఎందరు? వాళ్ల బుర్ర చరిత్రకు పనికిరాదని ఎవరూ అనరు కదా. ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది, వెళ్లారు.

ఎవరిని రానిస్తున్నారన్న దగ్గర రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకోండి. ఇన్బార్, లామర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో వెలువడిన పేపర్ కోసం సోషల్ సైకాలజిస్టులనే అడిగారు. పేపర్లు చూసేటప్పుడు, ఉద్యోగాలిచ్చేటప్పుడు కన్జర్వేటివ్ అని తెలిస్తే వివక్ష చూపిస్తామని చాలామంది వాళ్ల నోటితోనే ఒప్పుకున్నారు. నీల్ గ్రాస్ అనే సోషియాలజిస్టు బృందం ఇంకో దారిలో వెళ్లింది. పీహెచ్‌డీలో చేరాలనుకునే విద్యార్థులు రాసినట్టుగా డిపార్ట్‌మెంట్లకు మెయిల్స్ పంపింది. కొన్నిట్లో డెమొక్రాట్ ఒబామా ప్రచారంలో పనిచేశామని, కొన్నిట్లో రిపబ్లికన్ మెకెయిన్ ప్రచారంలో పనిచేశామని రాసింది. జవాబుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒకటి జనం ఏం చెబుతారో చూసింది, ఇంకోటి ఏం చేస్తారో చూసింది. రెండూ నిజమే కావచ్చు. మెయిల్‌కి మర్యాదగా జవాబివ్వడం, కమిటీలో కూర్చుని ఓటెయ్యడం ఒకటి కాదు.

ఇక మూడో ముక్క. నా టైమంతా ఇక్కడే పోతుంది.

మొదటి పని, సారాంశం చదివి వదిలెయ్యకండి, పేపర్‌లో వాడిన ప్రశ్నావళి తీయండి. లిబరళ్లకు ‘ఓపెన్‌నెస్’, అంటే కొత్తదనం పట్ల ఆసక్తి ఎక్కువని, కన్జర్వేటివ్‌లకు క్రమశిక్షణ, బాధ్యత ఎక్కువని వ్యక్తిత్వ పరీక్షల్లో తరచుగా వస్తుంది. నిజమే, సగటున కొద్దిపాటి తేడా ఉంది. కానీ బాగా వాడుకలో ఉన్న ఒక పరీక్షలో ఓపెన్‌నెస్ కింద ఆరు ఉపభాగాలుంటే, అందులో ఒకటి ‘విలువలు’. సామాజిక, రాజకీయ, మత విలువలను తిరిగి ప్రశ్నించుకోవడానికి సిద్ధమా అని అడుగుతుంది. అంటే రాజకీయం స్కోరులోనే కొంత కలిసిపోయింది. పైగా, పరిశోధనకు కొత్త ఊహ ఎంత కావాలో, ఆరు నెలలపాటు విసుగు లేకుండా డేటా శుభ్రం చేసే ఓపికా అంతే కావాలి. ఏ గుణం పనికొస్తుందో ముందే మనం తేల్చేసుకుని, ఆ గుణాన్నే కొలిచి, గెలిచింది ఫలానావాళ్లు అంటే ఎలా?

మొండి పట్టుదల మీద కాన్వే అనే సైకాలజిస్టు బృందం చేసిన పని కూడా చూడండి. ప్రశ్నలు మతం మీద ఉంటే కన్జర్వేటివ్‌లు పట్టిన పట్టు విడవలేదు. పర్యావరణం మీద ఉంటే లిబరళ్లు విడవలేదు.

రెండో పని, పేర్లు తీసెయ్యండి. పేపర్ ప్రింటు తీసి, కన్జర్వేటివ్ అన్న చోటల్లా ‘క వర్గం’, లిబరల్ అన్న చోటల్లా ‘చ వర్గం’ అని చిన్న చీటీలు అంటించి పిల్లలకిస్తాను. ఫలితం నమ్మదగిందో కాదో, శాంపిల్ సరిపోతుందో లేదో రాయమంటాను. రాశాక చీటీలు పీకుతాం. శాంపిల్ సరిపోదని అప్పటిదాకా గట్టిగా రాసినవాళ్లలో కొందరు పెన్సిలూ రబ్బరూ అడుగుతారు.

ఈ అలవాటు ఎందుకు కావాలో ఒక సంగతి చెబుతాను. 2012లో ఒక ప్రముఖ అమెరికన్ రాజనీతిశాస్త్ర జర్నల్‌లో వ్యక్తిత్వానికీ రాజకీయాలకూ సంబంధం మీద ఒక పేపర్ వచ్చింది. ‘సైకోటిసిజం’ అనే లక్షణం కన్జర్వేటివ్ అభిప్రాయాలతో కలిసి నడుస్తుందని అందులో రాశారు. పేరు చూసి పిచ్చి అనుకోకండి, ఆ ప్రశ్నావళిలో దానర్థం దుడుకుతనం, తెగింపు లాంటివి. వేరే పరిశోధకులు లెక్క సరిపోవట్లేదని వెంటపడ్డాక, 2016లో సవరణ అచ్చయింది. జవాబులకు అంకెలు వేసే కోడింగ్‌లో రెండు పక్షాలూ తిరగబడ్డాయట! ఆ లక్షణం కలిసింది లిబరల్ అభిప్రాయాలతో. వ్యక్తిత్వం రాజకీయాలకు కారణం కాదన్న తమ అసలు వాదనకు దీనివల్ల ఢోకా లేదని రచయితలు చెప్పుకున్నారు, అది నిజమే. నన్ను ఆపింది మధ్యలో గడిచిన ఏళ్లు. కోడింగ్ తప్పులు ఎవరికైనా జరుగుతాయి. ఆ ఫలితం చదివేవాళ్లలో ఎక్కువమందికి వింతగా అనిపించి ఉంటే ఇంకా ముందే దొరికేదని నా నమ్మకం. పేపర్ ఏదైనా చేతికొస్తే జర్నల్ పేజీలో సవరణ ఉందేమో ముందు చూడండి. రెండు నిమిషాల పని.

మూడో పనికి నాలుగు అంకెలు చాలు. డాన్ కహాన్ అనే పరిశోధకుడి బృందం 2013లో వాడినవి. కొత్త చర్మపు క్రీము రాసుకున్నవాళ్లలో 223 మందికి దద్దుర్లు తగ్గాయి, 75 మందికి పెరిగాయి. రాసుకోనివాళ్లలో 107 మందికి తగ్గాయి, 21 మందికి పెరిగాయి. క్రీము పనిచేసిందా? 223 పెద్దది కాబట్టి పనిచేసిందని క్లాసు మొత్తం అరుస్తుంది. భాగించి చూడండి. రాసుకున్నవాళ్లలో తగ్గింది దాదాపు 75 శాతం మందికి, రాసుకోనివాళ్లలో దాదాపు 84 శాతం మందికి. క్రీము రాసుకోకపోవడమే మేలు. ఇవే అంకెలకు క్రీము బదులు తుపాకీ దాచుకుని బయట తిరగడంపై నిషేధం, దద్దుర్ల బదులు నేరాలు అని తగిలించి అడిగితే, సరైన జవాబు తమ పార్టీకి నచ్చేదైతే జనం భాగహారం చేశారు, నచ్చనిదైతే పెద్ద అంకె చూసి ఆగిపోయారు. రెండు పక్షాలూ అంతే. లెక్కలు బాగా వచ్చినవాళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువన్న మాట మాత్రం మళ్లీ పరీక్షించిన చోట అంత గట్టిగా నిలబడలేదు. అదీ చెప్పకపోతే నేనూ పెద్ద అంకె చూసి ఆగిపోయినట్టే.

ఇంత చేశాక కూడా వాదన తెగకపోతే అమెరికా వదిలేసి మన పండితుల దగ్గరికి రండి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి, గ్రాంథికం పక్షాన నిలబడిన జయంతి రామయ్య పంతులు. భాష విషయంలో ఒకరు లిబరల్, ఒకరు కన్జర్వేటివ్ అనుకుందాం. గిడుగు సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. రామయ్య పంతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి సూర్యరాయాంధ్ర నిఘంటువును నడిపించారు, బెజవాడ యుద్ధమల్లుడి శాసనాన్ని పరిష్కరించి ప్రకటించారు. ఇప్పటికీ పరిశోధకులకు ఇద్దరి పనీ కావాలి. విచిత్రమేమిటంటే, కొత్త భాష కావాలన్న గిడుగు తన వాదన కోసం పాత గ్రంథాలన్నీ జల్లెడపట్టారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు మీద విమర్శ రాసిందీ ఆయనే. ఇద్దరూ ఒకే మాట మీద ఉండి ఉంటే ఆ నిఘంటువును అంత నిశితంగా ఎవరు చదివేవారు? ఇంకో సంగతి, భాషలో తిరుగుబాటుదారైన ఈ గిడుగుకే బ్రిటిష్ ప్రభుత్వం రావుసాహెబ్ బిరుదిచ్చింది. ఒక చోట అతికిన లేబుల్ ఇంకో చోట అతకదు.

పీహెచ్‌డీ గైడ్‌లకు ఒక మాట. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) దశలోనే స్కాలర్ చేత ఒక కాగితం రాయించండి. ఏ ఫలితం వస్తే నా అభిప్రాయం తప్పని ఒప్పుకుంటాను, అంతే. డేటా రాకముందే సంతకం, తేదీ ఉండాలి. అది రాయలేనివాళ్ల గురించి నాకు బెంగ, వాళ్లు ఏ జెండా కిందివాళ్లైనా సరే.

విదేశాల్లో పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లు కాబోయే గైడ్ రాజకీయాలు వెతుక్కుంటూ కూర్చోకండి. ఆయన దగ్గర చదివి, ఆయనతో విభేదిస్తూ పేపర్ వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా చూడండి. పాత స్కాలర్ల పేర్లు డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో సాధారణంగా దొరుకుతాయి. ఇద్దరు ముగ్గురికి మెయిల్ పెట్టి, గొడవ వచ్చినప్పుడు ఆయన ఏం చేశారని సూటిగా అడగండి. వారం దాకా జవాబు రాకపోతే మళ్లీ పెట్టండి. సెమిస్టర్ చివర్లో మాత్రం పెట్టకండి, ఆ రోజుల్లో ఎవరూ మెయిల్ చూడరు.