పోర్టింగ్‌లో బిట్టు గంతులేస్తోందా? ముందు దాని కాడ కొలవండి

పోర్టింగ్ అంటే సిలిండర్ గోడలో గాలి, పొగ వెళ్లే రంధ్రాలని, అంటే పోర్టులని, అరగదీసి సరిచేయడం. ఉద్దానం జీడితోటల్లో మందు కొట్టే టూ స్ట్రోక్ స్ప్రేయర్ కానీ, బ్రష్ కట్టర్ కానీ, పలాస, టెక్కలి రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న ఆర్‌ఎక్స్ 100 బైకు కానీ, దేని సిలిండర్‌లో రోటరీ టూల్ (బిట్టుని గిరగిరా తిప్పే చేతి మిషను) పెట్టాలన్నా ముందు బోరుకి, అంటే సిలిండర్ లోపలి గుండ్రటి గోడకి, ఒక అయస్కాంతం ఆనించండి. అర నిమిషం పని. దీన్నే ఎక్కువమంది వదిలేస్తున్నారు. గట్టిగా పట్టుకుంటే ఇనుప లైనరు (లోపలి తొడుగు). లేదంటే అల్యూమినియం మీద గట్టి పూత. లోహాన్ని అరగదీసే పళ్ల ముక్కే బిట్టు, ఏ బిట్టు కావాలో ఇక్కడే తేలుతుంది.

బిట్టు కొయ్యకుండా రుద్దుతోంది, పళ్లు తెల్లగా పూడుకుపోయాయి

సన్నపళ్ల డబుల్ కట్ (పళ్లు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ ఉండే) బిట్టుని అల్యూమినియంలో పెట్టారు. పళ్లన్నీ ఒకే వైపుకి ఉండి, వాటి మధ్య వెడల్పు ఎక్కువున్న సింగిల్ కట్ కార్బైడ్ (బాగా గట్టి పదార్థం) బిట్టు వాడండి. మధ్యమధ్యలో కొవ్వొత్తికి తాకిస్తుంటే రజను అతుక్కోదు. ఆర్‌ఎక్స్‌లో పోర్టు అంచు ఇనుము, వెనకాల దారి అల్యూమినియం. కాబట్టి ఒకే పోర్టుకి రెండు బిట్లు కావాలి. ఇనుముకి డబుల్ కట్టే మంచిది.

పూత పెచ్చులుగా లేచింది

కార్బైడ్ బిట్టు అంచుని లోపల్నుంచి బోరు వైపుకి లాగేసింది. పూత ఉన్న అంచుకి డైమండ్ బిట్టు పెట్టి, బోరు వైపు నుంచి పోర్టు లోపలికే అరగదీయాలి. ఒకసారి లేచిన పెచ్చుని మనం సరిచేయలేం, మామూలుగా సిలిండర్ మార్చుకోవాల్సిందే.

బిట్టు గంతులేస్తోంది, గోడ అలలు అలలుగా వస్తోంది

అందరూ చేతి వణుకునో, టూల్ బేరింగునో అనుమానిస్తారు. అసలు దొంగ కాలెట్‌లో, అంటే బిట్టు కాడని (వెనకున్న సన్నటి కడ్డీని) బిగించి పట్టే చిన్న గొట్టంలో, ఉంటాడు. చిన్న రోటరీ టూల్‌తో సాధారణంగా వచ్చే కాలెట్ 3.2 మిల్లీమీటర్లది, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆన్‌లైన్‌లో సెట్టుగా అమ్మే కార్బైడ్ బిట్లలో చాలావాటి కాడ 3 మిల్లీమీటర్లే. నట్టు బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, చేత్తో లాగినా రాదు. కానీ కాలెట్ మూతి దగ్గరే పట్టుంటుంది, కాడ వెనక కొస ఖాళీలో ఆడుతుంటుంది. స్పీడు పెంచేకొద్దీ బిట్టు తల తన దారి వదిలి చుట్టూ ఊగుతుంది. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచుకి అలా తగిలితే ఒక్క గంతులో బోరులోకి దూకి గీత పెడుతుంది. నా దగ్గరికి వచ్చిన మంచి సిలిండర్లు కొన్ని ఆ గీతతోనే పోయాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

బిట్టు తీసి కాడని వెలుగులో తిప్పి చూడండి. ఒక్కచోటే మెరిసే ఉంగరంలా గీత ఉంటే అది కాలెట్‌లో జారింది. వెర్నియర్‌తో కొలవండి. 3.0 చూపిస్తే 3 మిల్లీమీటర్ల కాలెట్ కొనండి, బిట్టు కంటే చవక. టేపో, రేకు ముక్కో చుట్టి బిగించొద్దు, బిట్టు మధ్యకి రాదు. సైజు సరిపోయినా కాడ బయటికి ఎంత తక్కువుంటే అంత మంచిది. పొడవు కాడ బిట్లని ఫుల్ స్పీడులో తిప్పితే వంగిపోతాయి.

ఇంజను బిగించాక పిస్టన్ రింగు విరిగింది

పోర్టు అంచు పదునుగా వదిలేశారు. చుట్టూ సన్నగా చాంఫర్ తీసి (అంచుని ఏటవాలుగా అరగదీసి), ఎమరీ కాగితంతో నున్నగా చేసి, సబ్బునీళ్లతో రజనంతా కడిగాకే బిగించండి.

టూల్ బేరింగు పోవడం, బిట్టు తల అతుకు ఊడటం కూడా ఉంటాయి కానీ చాలా తక్కువ. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.